కొండ కాయల సీసా

జిన్ అనే మద్యం తయారుచేసే ఆ చిన్న బట్టీలో దినుసులు ఏరే పని ఆమెది. ఒళ్ళో చేట పెట్టుకుని ధనియాల్లో పుల్లలు ఏరేస్తుంది, నారింజ తొక్క లోపలి తెలుపును చెంచాతో గీకేస్తుంది. జిన్‌కి అసలు వాసననిచ్చే జునిపర్ కాయల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతులు నెమ్మదిస్తాయి. ఒక నల్లకాయను గోటితో చిదిమి, వాసన చూసి, తల అడ్డంగా ఊపుతుంది. ఇవి వర్తకుడి బస్తాల్లో వచ్చినవి. ఇదివరకు కొండెక్కి కోసుకొచ్చేవాడు ఆమె భర్త. సాయంత్రం ఇంటికొస్తే చొక్కా నిండా ఆ కొండ కాయల వాసనే.

ఆయన ఆఖరిసారి కోసిన కాయలు, ఆయన పోయాకే జిన్ కాచే రాగి బానలోకి వెళ్ళాయి. జిన్ దిగాక మిగిలిన పిప్పిని ఆమె గుడ్డలో మూటగట్టుకుంటుంటే, బట్టీ చూసుకునే మరిది ఆపాడు.

"వాసనంతా సీసాల్లోకి పోయింది వదినా. అదెందుకు నీకు?"

ఇంటికెళ్ళి మూట విప్పి చూస్తే నిజమే, ఉడికిన గడ్డి వాసన. మర్నాడు బిడియపడుతూనే ఆ కాయలతో దిగిన జిన్ ఒక సీసా అడిగింది.

"తాగడం ఎప్పట్నించి మొదలెట్టావేంటి?" అన్నాడు మరిది. ఆమె ముఖం చూసి, సీసా తుడిచి చేతికిచ్చాడు.

ఆమె చుక్క కూడా తాగలేదు. పని నుంచి రాగానే మూత తీసి, ఒక్కసారి వాసన పీల్చి, బిగించేసేది. ఒకరోజు మరిది అది చూసి, "అన్నిసార్లు తీస్తే ఉన్నదీ ఎగిరిపోతుంది వదినా," అన్నాడు మామూలుగానే.

ఇప్పటికీ పని నుంచి రాగానే సీసాను ఒళ్ళోకి తీసుకుంటుంది. మూత మీద బొటనవేలు ఆనించి కాసేపు కూర్చుంటుంది. తీయదు.