కొత్త బోరుకు హారతి

మా పిన్ని పంపిన వీడియో చూడగానే ఆమెకు ఫోన్ చేశాను. కోనసీమలో వాళ్ల కొబ్బరితోటలో వేయించిన కొత్త బోరు అది. పైపులోంచి నీళ్లతోపాటు గుడగుడమని బుడగలు. కింద “పదకొండింటికి మోటారుకు పూజ, నువ్వు రావాలి” అని రాసింది. మోటారు చుట్టూ బాబాయి అప్పుడే గది కూడా కట్టించేశాడు. రాజమండ్రిలో ఇరవై ఏళ్లుగా భూగర్భశాస్త్రం చెబుతున్నాను. ఆ బుడగలు గ్యాసువే అయి, అది మూసిన గదిలో చేరితే హారతి మంట ఏం చేస్తుందో నాకు తెలుసు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఇద్దరూ ఎత్తలేదు.

తొమ్మిదింబావుకు అమలాపురం బస్సెక్కాను. రావులపాలెం దాకా గంట పైనే, టికెట్టు వందలోపు. వంతెన మీద గోదావరి వైపు కన్నెత్తి చూడలేదు. రావులపాలెంలో రెండొందలకు ఆటో మాట్లాడుకున్నాను.

“ఏంటండీ అంత కంగారు?” అన్నాడు డ్రైవరు.

“బోరులో గ్యాసు వస్తోందేమోనండి.”

“ఇక్కడ నేలలో గ్యాసు మాకలవాటేనండి. వాసన చూసుకునే పొయ్యి వెలిగిస్తాం.”

“ఇంకాస్త తొందరగా పోనివ్వండి” అన్నాను. వంట సిలిండరులో వాసన కావాలని కలుపుతారు. నేలలోంచి నేరుగా వచ్చేదానికి చాలాసార్లు వాసనే ఉండదు.

నేను చేరేసరికి పదకొండుకు ఐదు నిమిషాలు. గదిలో పిన్ని హారతి పళ్లెంతో, బాబాయి అగ్గిపెట్టెతో నిలబడి ఉన్నారు.

“వెలిగించకండి, గ్యాసు!” అని అరిచాను.

“శుభమా అని పూజ చేసుకుంటుంటే ఆ కేకలేంట్రా?” అన్నాడు బాబాయి. “వాసనేం లేదే. ఒక్క పుల్ల గీస్తాను, నువ్వే చూడు.”

అగ్గిపెట్టె లాక్కుని ఇద్దర్నీ బయటికి తోశాను. పళ్లెం కిందపడింది. “ఎంత అపశకునం!” అని పిన్ని ఏడ్చింది. ఫైర్ స్టేషనుకు ఫోన్ చేస్తే, వాళ్ల కబురుతో మూడింటికి గ్యాసు కంపెనీ సిబ్బంది గ్యాసును పసిగట్టే మీటరుతో వచ్చారు. గుమ్మం దగ్గరే అది కీచుమని మోగింది. తెచ్చినతను కూడా వెనక్కి గెంతాడు. బాబాయి కొబ్బరిచెట్టు మొదట్లో చతికిలబడ్డాడు.

ఆ గ్యాసు భూమి లోతుల్లోదో, పైపొరల్లో కుళ్లిన ఆకుల్లోంచి పుట్టిందో ఇంకా తేలలేదు. ఏదైనా ఒకేలా అంటుకుంటుంది. ఇసుకరాయిలో గ్యాసు, పైన మూతలా బంకమట్టి పొర అని బోర్డు మీద ఎన్నోసార్లు గీశాను. ఇప్పుడు ఆ బొమ్మ గీయాలంటే భయంగా ఉంది.

కోనసీమ వైపు వచ్చేవాళ్లకు ఒక్క మాట. బోరు నీళ్లలో బుడగలు కనిపిస్తే అగ్గిపుల్ల గీయకండి, స్విచ్చు ముట్టుకోకండి, దూరంగా వెళ్లి ఫైర్ స్టేషనుకు చెప్పండి. అయినవాళ్లు ఫోన్ ఎత్తకపోతే వెంటనే వాళ్ల పక్కింటికి చేయండి. అంత చదువుకుని నేను బస్సు కోసం పరుగెత్తానే గానీ, ఆ పక్కింటివాళ్ల నంబరు నా ఫోన్లోనే ఉందని గుర్తురాలేదు.