బల్ల మీద నేల

మా మావయ్య రాళ్ళ దుకాణాలకి జేబులో నిమ్మకాయ వేసుకుని వెళ్ళేవాడు. రెండో జేబులో ఒక ఇనుప మేకు, ఒక భూతద్దం, చుక్కలు చుక్కలుగా నీళ్ళు వదలడానికి పాత మందుసీసా తాలూకు రబ్బరు గొట్టం. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి, కంటబడ్డ ప్రతి తక్కెడనూ అనుమానించి రిటైరైన మనిషి. బంధువులంతా ఆయన్ని వెనకాల ‘మిల్లీమీటరు’ అంటారు. ఎదురుగా కూడా అంటారు, కాకపోతే కాస్త దూరంగా నిలబడి.

ఇంటి నేలకి కొత్త రాళ్ళు వేయించడం ఆయన చెప్పిన ప్రకారం ముస్తాబు వ్యవహారం. “పాత టైల్స్ కళ తప్పాయి, మార్చేద్దాం” అని ఊరుకున్నాడు. అసలు సంగతి అందరికీ తెలుసు. అంతకు ముందు ఏడాది అత్తయ్య హాల్లో ఆ నున్నటి టైల్స్ మీద, చారెడు తడికి, జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు ఆరు వారాల్లో విప్పేశారు. భయాన్ని విప్పేవాళ్ళు దొరకలేదు. అప్పటినుంచి ఆవిడ గోడ పట్టుకునే నడుస్తోంది. వంటింటి నుంచి వాకిలికి హాలు మధ్యగా వెళితే పది అడుగులు. ఆవిడ గోడవెంట మూడు మూలలు తిరిగి ముప్ఫై అడుగులు వేసేది. ఎముక భేషుగ్గా అతికిందని డాక్టరు ఎక్స్‌రే చూపించి మరీ చెప్పాడు. ఆవిడ ఎక్స్‌రేని మెచ్చుకుని, తిరిగి గోడే పట్టుకుంది. అది చూడలేకే మావయ్య రాళ్ళ వేటకి బయల్దేరాడు. ఆ మాట నోటితో ఒప్పుకుంటే ఆయన మావయ్య ఎలా అవుతాడు?

రాళ్ళ దుకాణాల్లో సరుకు కన్నా ముందు కవిత్వం అమ్ముతారు. సహజమైన రాయి ఊపిరి పీలుస్తుందట. ఇంటికి ప్రశాంతత తెస్తుందట. కోట్ల ఏళ్ళ ప్రకృతి మన పాదాల కింద పరుచుకుని ఉంటుందట. ఊపిరి మాటేమో గాని, రాయి నీళ్ళు పీల్చడం నిజం. టీ, నూనె కూడా మొహమాటం లేకుండా పీలుస్తుంది. ఆ ముక్క కేటలాగులో ఉండదు. ఈ ఒక్క విషయంలో మావయ్యకి దండం పెట్టాల్సిందే: సేల్స్‌మన్ ప్రశాంతత దగ్గరికి వచ్చేసరికి ఈయన నిమ్మకాయ కోసేవాడు.

“సార్, మీరు రాయి కొనడానికొచ్చారా, అరెస్టు చెయ్యడానికొచ్చారా?” అని అడిగాడు ఒక దుకాణం యజమాని. పాలరాయి మీద నిమ్మరసం పడ్డంతమేరా మెరుపు చచ్చిపోయి ఉంది.

“నేరం చేసిందిగా,” అన్నాడు మావయ్య, భూతద్దం మీంచి తలెత్తకుండానే.

ఇసుకరాయి నీటిచుక్కని పదిహేడు సెకన్లలో తాగేసింది. పలకరాయి మేకు తగలగానే పొరలు ఊడింది. దుకాణాలవాళ్ళు ఇవ్వజూపిన అరచేతంత ముక్కలు ఆయన కంటికి ఆనేవి కావు. “చిన్న ముక్క మోసం చేస్తుంది” అని అడుగు పొడవు, అడుగు వెడల్పు పలకలే అడిగి తెచ్చేవాడు. అలా నాలుగు నెలల్లో పదకొండు పలకలు చేరి భోజనాల బల్లని ఆక్రమించాయి. ఒక్కో దాని కింద ఒక చీటీ, చీటీ మీద మార్కులు. ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినడం నేర్చుకున్నారు.

“నాన్నా, నా కంచానికి కాస్త జాగా ఇప్పిస్తావా, దానిక్కూడా ఏదైనా పరీక్ష రాయాలా?” అంది చుట్టపుచూపుగా వచ్చిన కూతురు.

“ఆ మూల ఖాళీయేగా?”

“ఆ మూలకి నిన్న ఎవరో ఎర్ర గ్రనైట్ గారు దిగారు.”

పాలరాయి నిమ్మకాయకి ఓడినా మావయ్య మనసు దాన్ని వదల్లేదు. ఇంకో దుకాణం నుంచి ఇంకో పలక తెచ్చి, దానికి ఏదో లేపనం పూసి, అది ఆరేదాకా రెండు వారాలు సుముహూర్తం కోసం చూసినట్టు చూశాడు. ఒకరోజు పొద్దున అత్తయ్య పేపరు చదువుతూ దానిమీద టీ గ్లాసు పెట్టింది. గ్లాసు తీసేసరికి గోధుమరంగు వలయం. ఎంత తుడిచినా పోలేదు.

“అయ్యో, ఇది కూడా పరీక్షలోదేనా? గ్లాసు పెట్టుకోడానికి తెచ్చారనుకున్నా!”

మావయ్య చీటీ మీద ఇంతెత్తున సున్నా చుట్టాడు.

చివరికి గెలిచింది నల్ల గ్రనైట్. నిమ్మరసానికి చలించలేదు, మేకుకి గీత పడలేదు, నీటిచుక్క గంటసేపు ముత్యంలా నిలబడింది. తొంభై ఎనిమిది మార్కులు. మిగతా రెండూ ఎందుకు కొట్టేశావని కూతురు అడిగితే “వందకి వంద ఇస్తే నెత్తికెక్కుతాయి” అన్నాడు. సరుకు సోమవారం దింపమని దుకాణానికి చెప్పేశాక, పలకని అత్తయ్య మొహం ముందు పెట్టాడు.

“చూడు, నీ మొహం ఎలా కనిపిస్తోందో.”

“బాగుంది,” అంది అత్తయ్య.

ముప్ఫై నాలుగేళ్ళు కొలతల్లో బతికిన మనిషి ఆ ‘బాగుంది’ బరువెంతో పట్టుకోలేకపోయాడు. దాన్ని రాళ్ళ గురించి చెప్పిన మాటే అనుకున్నాడు.

ఆదివారం తాపీమేస్త్రి హాలు కొలతలు తీసుకోడానికి వచ్చాడు. టేపు చుట్టి జేబులో వేసుకుంటూ బల్లమీది నల్ల పలకని చూశాడు.

“ఇదేనా సార్ రాయి? అమ్మా, మీరు దీనిమీద కాలు పెట్టి చూశారా?”

అత్తయ్య గోడ దగ్గర నిలబడి నవ్వింది. “బల్లెక్కి చూడమంటావా?”

నాలుగు నెలలు. పదకొండు రాళ్ళు. గోటితో, మేకుతో, భూతద్దంతో, నిమ్మకాయతో చూశారు. కాలితో ఒక్కరూ చూడలేదు. నేలకి వెయ్యాల్సిన రాయి బల్ల దిగనే లేదు.

మేస్త్రి పలకని నేలమీద పెట్టి, గ్లాసెడు నీళ్ళు ఒంపాడు. “రండమ్మా.”

అత్తయ్య ఒక అడుగు ముందుకేసింది. కుడికాలు ఎత్తింది. బొటనవేలు రాతికి తగిలిందో లేదో, కాలు వెనక్కి వచ్చేసింది. గోడ మీది చెయ్యి ఇంకాస్త బిగిసింది.

“వద్దులే నాయనా. వేసేయండి, ఏం పరవాలేదు. నాకు గోడ ఉందిగా.”

మావయ్య మొహం చూడాల్సింది. “పరీక్షలన్నీ పాసైందయ్యా ఇది,” అన్నాడు మేస్త్రితో, బతిమాలుతున్నట్టు.

“పరీక్ష రాసింది రాయి సార్. నడవాల్సింది అమ్మగారు.”

ఆ సాయంత్రమే మావయ్య దుకాణానికి ఫోన్ చేసి సరుకు ఆపించాడు. మర్నాడు పొద్దున్నే అత్తయ్యని బయల్దేరమన్నాడు.

“నేనెందుకూ? నాకు రాళ్ళ గురించి ఏం తెలుసు?”

“రాళ్ళ గురించి నాకు తెలుసులే. కాళ్ళ గురించే తెలియట్లేదు.”

దుకాణం వెనక పెద్ద పెరడు. అరెస్టు జోకు వేసిన ఆ యజమానే ఎనిమిది రకాల పలకలు వరసగా పరిపించి, పైపుతో తడిపించాడు. అత్తయ్య చెప్పులు విడిచి, మావయ్య చేతిని గోడని పట్టుకున్నట్టే పట్టుకుని, ఒక్కొక్కదాని మీదా కాలు మోపింది.

“ఇది సబ్బు.”

“సరే.”

“ఇదీ సబ్బే, కాస్త అరిగిన సబ్బు. ఇది మరీ గరుకు, తుడిచిన గుడ్డ చిరుగుతుంది.”

“అమ్మా, అది విదేశీ సరుకు,” అన్నాడు యజమాని.

“అయితే అక్కడివాళ్ళనే తుడుచుకోమను.”

ఏడోది, ఎనిమిదోది కూడా అయిపోయాయి. ఏదీ కుదరలేదు. మావయ్య చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆవిడ చేతి పట్టు మొదట్లో ఎంత గట్టిగా ఉందో అంతే ఉంది. యజమాని ఇంకో వరస పరిపిస్తానంటున్నాడు. అప్పుడు పెరడు చివర, కోసిన రాళ్ళు కడిగే చోట, కుళాయి ధారగా కారిపోవడం అత్తయ్య కంటబడింది.

“ఎవరయ్యా కుళాయి అలా వదిలేసింది? నీళ్ళేమన్నా ఊరికే వస్తున్నాయా?”

అంటూనే వెళ్ళింది. కుళాయి కట్టేసింది, అది పూర్తిగా బిగియకపోతే ఇంకో తిప్పు తిప్పింది, అక్కడ రాళ్ళు కడుగుతున్నవాణ్ణి నాలుగు చీవాట్లు వేసి తిరిగొచ్చింది. అటు పదిహేను అడుగులు, ఇటు పదిహేను. అంతా తడి నేల.

మావయ్య చెయ్యి ఇంకా ముందుకు చాచే ఉంది.

“ఆ చెయ్యి దించండి, ఏదో అడుక్కుంటున్నారనుకుంటారు,” అంది అత్తయ్య.

ఆయన దించలేదు. ఆవిడ వచ్చిన దారినే చూస్తున్నాడు. బూడిదరంగు నాపరాళ్ళు. సానపట్టలేదు, పాలిష్ లేదు. పొరవెంట చీల్చి పరిచిన రాళ్ళు, అలలు అలలుగా ఎత్తుపల్లాలతో.

“ఇవి నీ దగ్గర ఎన్ని ఉన్నాయి?”

“అవా? అది మా పెరడు సార్, సరుకు కాదు.” యజమాని కంగారు పడ్డాడు. “నాపరాయి కావాలంటే ఎంతైనా తెప్పిస్తాను. కానీ మీ లెక్కన ఫెయిలే. పులుపు పడదు, నీళ్ళు పీలుస్తుంది, మందం ఒక్కో రాయిది ఒక్కో తీరు.”

“మా ఇంట్లో నిమ్మకాయ గిన్నెలోనే పిండుతాం. తెప్పించు.”

అత్తయ్య అప్పుడు చూసుకుంది తన కాళ్ళ వంక. “నేను... అంతదూరం వెళ్ళానా?” వెనక్కి తిరిగి కుళాయి వైపు చూసింది. “ఉండండి, మళ్ళీ ఒకసారి వెళ్ళొస్తాను” అని, తను కట్టేసిన కుళాయి దాకా మళ్ళీ నడిచి, దాన్ని విప్పి, కట్టి, వచ్చింది. నీళ్ళు వృథా చేసినందుకు ఈసారి ఎవరూ ఆవిడకి చీవాట్లు వెయ్యలేదు.

నేల వెయ్యడానికి పన్నెండు రోజులు పట్టింది. మావయ్య రసమట్టం పట్టుకుని మేస్త్రి వెనకాలే తిరిగాడు. ఇక్కడ రెండు మిల్లీమీటర్లు ఎత్తుంది, అక్కడ మూడు పల్లం ఉంది అంటూనే ఉన్నాడు. “రాయి అలాగే పుట్టింది సార్, నేనేం చెయ్యను” అనేవాడు మేస్త్రి. ఇప్పుడా ఇంట్లో ఏ కుర్చీ నాలుగు కాళ్ళ మీదా నిలబడదు. వచ్చినవాళ్ళు మెచ్చుకుంటే మాత్రం, రాయి ఎంపిక ఒక శాస్త్రమని మావయ్య అరగంట చెబుతాడు. అత్తయ్య వింటూ ఊరుకుంటుంది.

మొన్న నేను వెళ్ళేసరికి ఆయన హాలు నడిమధ్య మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళ సందులు కొలుస్తున్నాడు. వంటింట్లోంచి అత్తయ్య వచ్చింది, ఒక చేతిలో నీళ్ళ బకెట్, రెండో చేతిలో ఉతికిన బట్టల బుట్ట.

“అడ్డం లేవండి.”

“ఒక్క నిమిషం, ఈ సందు తేల్చనీ.”

ఆవిడ ఆగలేదు. ఆయన చుట్టూ తిరిగి, బకెట్‌లో నీళ్ళు కాసిని ఆయన టేపు మీద ఒలకబోసి, వాకిట్లోకి వెళ్ళిపోయింది.