ఊడిన టాబ్ మీట

తొంభైల చివర్ల దేవరకొండల ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండె. ఎనిమిది టైపు మిషన్లు, వాటి పక్కన కొత్తగా కొన్న కంప్యూటరు ఒకటి. నడిపేటాయన మాస్టర్ సాబ్, నాకు టైపు నేర్పింది గూడ ఆయనే. పట్నంల ఎంసీఏ చదువుకుంట సెలవులకొచ్చిన నేను, ఫ్లాపీలల్ల హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషను తెచ్చి ఆ కంప్యూటర్ల ఎక్కించిన.

హాస్కెల్ల వరుసలు ఒకదాని కింద ఒకటి సక్కగ మొదలుకాకుంటే ప్రోగ్రాము నడవదు. నేను ప్రోగ్రాము టైపు చేసే ఎడిటర్ల అన్నీ తాడు గుంజినట్టు సక్కగనే ఉన్నయి. హాస్కెల్ మాత్రం తప్పంటది. మూడు రోజులు సెట్టింగులు మార్చిన, రంగులు మార్చిన, ఒకసారి మానిటర్‌ను కొట్టిన గూడ.

మాస్టర్ సాబ్ వచ్చి చూసిండు. ప్రోగ్రాము దేనికని అడగలే.

"వరుస ముందర జాగ వదలనీకి టాబ్ మీట కొట్టినవా?" అన్నడు.

"కొన్ని కాడ టాబ్, కొన్ని కాడ స్పేసులు కొట్టిన సార్."

"నేనేం నేర్పిన నీకు? టాబ్, నీకంటే ముందు కూసున్నోడు పెట్టుకున్న కాడ ఆగుతది. బొటనవేలుతోని స్పేసులు లెక్కపెట్టి కొట్టు."

అది టైపు మిషన్ల రూలు, కంప్యూటరుకు గట్లుండదని పది నిమిషాలు కొట్లాడిన. తర్వాత చూస్తే, టాబ్‌ను ఎడిటరు నాలుగు స్పేసులుగ చూపిస్తాంది, హాస్కెల్ ఎనిమిదిగ లెక్కపెడుతాంది. టాబ్‌లన్నీ తీసేసి స్పేసులు కొట్టిన. నడిచింది.

మరునాడు పోతే కీబోర్డు మీద టాబ్ మీట లేదు. మాస్టర్ సాబ్ దాన్ని ఊడబీకి, సొరుగుల పెట్టి తాళమేసిండు.

నేను మూడు రోజులు చేసిన సెట్టింగులల్ల ఒక్కటి గూడ నిలవలే. ఆయన చేసిన సెట్టింగును మాత్రం ఎవ్వరూ మార్చలేకపోయిన్రు.