కడిగిన మిల్లు

ఇయ్యాల నాకు ఏడుపొక్కటే తక్కువ.

నేను కెమెరామెన్‌ని. మేం తీస్తున్న సిన్మాల హీరోయిన్‌కు యాభై ఏండ్లు, భర్త లేడు, రైస్ మిల్లుల కూలి చేస్తది. ఆమె మీద మనసు పడ్డ లారీ డ్రైవర్ ఆమెకన్న చిన్నోడు. ఇద్దరు ఒక్క మాట గూడ అనుకోరు. రేకుల సందుల నుంచి ఎండ పడుతుంటే, తవుడు దుమ్ముల ఒకరికొకరు కనపడుడు, మాయమవుడు, గంతే వాళ్ల ప్రేమ. ఆ దుమ్ము కోసం మిర్యాలగూడ మొత్తం తిరిగి ఒక మిల్లు పట్టిన.

పొద్దున పోయేసరికి మిల్లు బంద్ ఉంది. నేల అద్దం లెక్క మెరుస్తున్నది, గోడలకు కొత్త సున్నం.

"మీరొస్తున్నరని నిన్నంత మనుషులను పెట్టి కడిగిచ్చిన సార్! సిన్మాల మన మిల్లు నీట్‌గ కనపడాలె గద," అన్నడు ఓనర్ సంబురంగ.

"నాకు ఆ దుమ్మే కావాలె సేటూ!"

"ప్రేమ సిన్మాల దుమ్మెందుకు సార్? ఆ హీరోయిన్‌ను గూడ జర వయసుల ఉన్నామెను పెట్టుకోండ్రి."

ఆయన పోసిన చాయ్ తాగి వాపస్ వచ్చిన.

దుమ్మున్న మిల్లు మీకు తెలిస్తే కామెంట్ల చెప్పుండ్రి. దండం పెడత, మేం వస్తున్నమని ఓనర్‌కు మాత్రం చెప్పకుండ్రి.