తప్పు దగ్గరికి తీసుకెళ్ళు అబ్బాయ్

మొన్న పొద్దున పదింటికి కంప్యూటర్ ముందు రెండు కుర్చీలు వేశాను. బాబాయిగారు జ్వరంతో ఆసుపత్రిలో చేరి నాలుగు రోజులైనా ఆ అలవాటు మానలేదు. ఆయన కోడలు గుమ్మంలోకి వచ్చింది. "బావగారూ, మామయ్యగారు పోయారండి. ఇప్పుడే ఫోనొచ్చింది" అంది.

బాబాయిగారికీ నాకూ చుట్టరికం ఏమీ లేదు. చీరాలలో మా పక్కిల్లు ఆయనది. యాభై ఏళ్ళు గుంట మగ్గం మీద చీరలు నేసిన మనిషి. నాకు అరవై దాటినా ఆయనకు అబ్బాయినే. మా ఆవిడ పోయాక నన్ను అలా నోరారా పిలవడానికి ఆయనొక్కరే మిగిలారు.

పార్కిన్సన్స్ వచ్చి ముందు చేతులు వణికాయి. తర్వాత నడక తడబడింది. ఈమధ్య మాట కోసం, ఆలోచన కోసం తడుముకోవడం మొదలైంది. గుంటూరు డాక్టరుగారు మందులతో పాటు కంప్యూటర్ మీద మెదడుకు కసరత్తు చేయించమన్నారు. జబ్బు పోదనీ, జ్ఞాపకానికి కాస్త సాయపడొచ్చనీ ముందే చెప్పారు. కంప్యూటర్ మా ఇంట్లో ఉంది. తీరిక అంతకంటే ఎక్కువగా ఉంది.

పొద్దుటి మాత్ర పనిచేయడం మొదలయ్యాక, పదింటికి వచ్చి అరగంట కూర్చునేవారు. కండువాతో చేతులు తుడుచుకుని గానీ మౌస్ ముట్టేవారు కాదు, కొత్త చీర ముట్టుకుంటున్నట్టు. తెర మీద రంగు గడులు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. గడువు లోపల అదే వరసలో నొక్కాలి. రంగులు ఆయనకు కొట్టిన పిండే. చిక్కల్లా తప్పు పడినప్పుడే. చెయ్యి ఆపేసేవారు.

"తప్పు దగ్గరికి తీసుకెళ్ళు అబ్బాయ్. అది విప్పకుండా ముందుకెట్టా పోతాం?"

"ఇందులో వెనక్కి పోవడం ఉండదు బాబాయిగారూ. తర్వాతది కొట్టండి."

"అదేం పని!"

నేతలో పోగు తప్పితే అక్కడిదాకా విప్పి మళ్ళీ నేయడమే ఆయనకు తెలుసు. ఈలోపు గడువు అయిపోయేది. రెండు నెలలైనా మూడో లెవెల్ దాటలేదు. ఒకరోజు నెమ్మదిగా అడిగారు: "బుర్ర పోతోందంటావా?"

నేను కంప్యూటర్ కట్టేశాను. మర్నాడు ఆయన చెయ్యి వణుకుతుంటే, ఆసరా ఇస్తున్నట్టు దాని మీద చెయ్యి వేసి నేనే నొక్కేశాను. నాలుగో లెవెల్ వచ్చింది. ఆయన తెర వైపు, నా చెయ్యి వైపు చూశారు. "ఇది నా నేత కాదు అబ్బాయ్" అని లేచి వెళ్ళిపోయారు.

వారం రోజులు రాలేదు. ఆ అరగంట నిజంగా ఎవరికి కావాలో అప్పుడు తెలిసొచ్చింది. ఇల్లంతా గోడలే. చివరికి సిగ్గు విడిచి వాళ్ళింటికి వెళ్ళాను.

"ఇంకెప్పుడూ వేలు పెట్టను, రండి బాబాయిగారూ" అన్నాను.

జబ్బు ఆయన మొహంలోంచి నవ్వు ఏనాడో తీసేసింది. అయినా నవ్వారని కళ్ళు చెప్పాయి. "కాఫీ తాగి పో. రేపొస్తా" అన్నారు.

వచ్చారు. వస్తూనే నేను నొక్కిన నాలుగో లెవెల్ చెరిపించి, మళ్ళీ మూడు నుంచి మొదలుపెట్టారు. చివరిదాకా అక్కడే ఉన్నారు. మళ్ళీ బుర్ర గురించి అడగలేదు.

ఈరోజు పదింటికి కంప్యూటర్ వేశాను. ఆయన పేరు మీద మూడో లెవెల్ తెరుచుకుంది. ఎరుపు, పసుపు, నీలం, మళ్ళీ ఎరుపు. గడులు వెలిగి ఆగాయి. వరస నాకు తెలుసు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, గడువు అయిపోయేదాకా కూర్చున్నాను.