ఏడో కక్ష్యలో కాశయ్య గారు

‘ఏడో కక్ష్య’ సీరియల్ గురించి కాశయ్య గారు చెప్పిన ఊహ ఒక్కటంటే ఒక్కటి కూడా నిజం కాలేదు. భద్రాచలంలో మా దవాఖానా డయాలసిస్ వార్డు మొత్తానికీ ఈ సంగతి తెలుసు. నేనక్కడ టెక్నీషియన్ని. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటల చొప్పున రెండేళ్లుగా ఆ ఊహలు వినే భాగ్యం నాకు దక్కింది.

ఆదివారం సాయంత్రం వచ్చే సీరియల్ అది. భూమి పాడైపోతే కొందరు అంతరిక్ష నౌకెక్కి ఇంకో గ్రహం వెతుక్కుంటూ పోతుంటారు. సోమవారం పొద్దున్నే సారపాక నుంచి కాశయ్య గారు దిగేవారు. నేను సూది గుచ్చుతుండగానే మొదలు.

“నవతా, ఆ కెప్టెనమ్మ ఉన్నది చూడు, ఆమె మొదటి వారమే చచ్చిపోయింది.”

“నిన్న అన్నం తిన్నది కద బాబాయ్.”

“తిన్నది. మింగిందా? ఎవరన్న చూసిన్రా?”

మరుసటి వారం కెప్టెనమ్మకు కవలలు పుట్టారు. కాశయ్య గారు ఏమాత్రం తొణకలేదు. “గందుకే నాకు అనుమానమొచ్చింది” అన్నారు.

ముప్పై ఏళ్లు పేపరు మిల్లు కర్ర యార్డులో పనిచేసిన మనిషి. తెర మీద కొత్త గ్రహం కనబడగానే, “అది గ్రహం కాదు, దమ్మపేట అవతలి అడవి. అవన్నీ జామాయిల్ చెట్లే, ఆకు చూస్తే తెలుస్తలేదా?” అని తేల్చేశారు. వంట చేసే రోబో కెప్టెనమ్మకు మేనమామ అన్నారు.

“రోబోకు అక్క ఎట్ల ఉంటది బాబాయ్?”

“గదే కద సస్పెన్సు.”

పోయిన వేసవిలో ఆయన పక్క బెడ్డుకు ఉషారాణి టీచరు వచ్చారు. దమ్మపేట వైపు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరై, అక్కడే ఉంటున్నారు. ఎవరితోనూ మాట్లాడకుండా కళ్లు మూసుకుని పడుకునేవారు. రెండో నెలలో వరసగా రెండుసార్లు రావడం మానేశారు. మూడోసారికి ఆయాసం ముదిరితే తమ్ముడు పట్టుకొచ్చాడు.

“ఇంక తీసుకరాకు. వచ్చినా ఇంతే, రాకున్నా ఇంతే” అన్నారు అతనితో.

వార్డంతా విన్నది. కాశయ్య గారు మాత్రం నావైపు తిరిగి మామూలుగా అందుకున్నారు.

“నౌకలోళ్లకు ఒక చప్పుడు వినబడ్తది చూడు, అది పక్క గ్రహంల కుక్కర్ విజిల్. గాలి ఇటు మళ్లినప్పుడు వినబడ్తది.”

టీచరు కళ్లు తెరిచారు. “అంతరిక్షంలో గాలెక్కడిది?”

“కొద్దిగన్న ఉండదా టీచరమ్మా?”

“ఉండదు. గాలి లేకపోతే శబ్దం రాదు. ఎనిమిదో తరగతి పాఠం అది.”

“నేను ఏడుతోనే ఆపేసిన.”

ఆ ఆదివారం టీచరు మొదటిసారి ఆ సీరియల్ చూశారు. సోమవారం ఆయన తప్పులన్నీ కాగితం మీద రాసుకుని మరీ వచ్చారు. సోమవారం తప్పులు దిద్దేసరికి బుధవారానికి కొత్తవి తయారు. శుక్రవారానికి మరికొన్ని. ఆమె మళ్లీ ఒక్క రోజు కూడా మానలేదు.

మొన్న నా పెళ్లి కార్డు ఇద్దామని ఆదివారం సాయంత్రం కాశయ్య గారింటికి వెళ్లాను. సీరియల్ నడుస్తోంది. ఆయన భార్య భద్రమ్మ గారు టీ ఇస్తూ విసుక్కున్నారు.

“ఈయన పక్కన కూసుంటే చూడబుద్ధి కాదమ్మా. ఏం జరిగేది ముందే చెప్తడు. ఒక్కటి తప్పిపోదు.”

“కవలల సంగతి కూడానా పిన్నీ?”

“నెల ముందే చెప్పిండు.”

నేను కాశయ్య గారి వైపు చూశాను. ఆయన రిమోటు తిప్పి తిప్పి చూసుకుంటూ నెమ్మదిగా అన్నారు.

“కరెక్టు చెప్తే అందరు అవ్ అని పండుకుంటరు బిడ్డా. తప్పు చెప్తే మాట్లాడ్తరు. టీచరమ్మయితే తప్పు చూసి ఊకోలేదు. దిద్దాలంటే రావాలె కద.”

మర్నాడు ఒకటే వాన. దమ్మపేట బస్సులు ఆగిపోయాయి. అయినా టీచరు రెండు ఆటోలు మారి, తడిసి ముద్దయి వచ్చారు. తువ్వాలు అందిస్తూ, “ఇంత వానలో ఎంత కష్టపడ్డరు మేడం” అన్నాను.

ఆమె పక్క బెడ్డు వైపు చూసి గొంతు తగ్గించారు.

“ఏం చేయాలమ్మా, నేను రాకుంటే ఆయనకు చెప్పేదెవరు? పాపం, సీరియల్ ఒక్క ముక్క అర్థం కాదు. నువ్వు మాత్రం ఎప్పుడూ ఆయన ముందర నవ్వకు, చిన్నబుచ్చుకుంటడు.”

సరేనని చెప్పి, ముఖం మిషన్ వైపు తిప్పుకున్నాను.