అవతలోళ్ళ సాఫ్ట్‌వేర్

మా ఊళ్ళో టీ కొట్లు రెండు, మంగలి షాపులు రెండు, మంచినీళ్ళ ప్లాంట్లు రెండు. ఊరేమీ పెద్దది కాదు. ఒక వర్గం వాళ్ళు తాగినచోట ఇంకో వర్గం వాళ్ళు తాగరు, అంతే. నకరికల్లు నుంచి మాచర్ల దాకా ఏ ఊరు చూసినా ఇదే తంతు. నేను ఈ ఇంటి కోడలిగా వచ్చిన కొత్తల్లో, దగ్గరగా ఉంది కదా అని అవతలి వర్గం ప్లాంటు నుంచి నీళ్ళ క్యాన్ తెప్పిస్తే, మామయ్యగారు ఆ నీళ్ళు బర్రెలకి పోయించారు. నవ్వొచ్చింది గానీ ఊరుకున్నాను. కంప్యూటర్ ప్రోగ్రాముకి కూడా వర్గం ఉంటుందని అప్పటికి నాకు తెలియదు.

మా మేడ గదిలో గ్రాఫిక్స్ కార్డులున్నాయి. వీడియో గేముల కోసం కొనుక్కునే కార్డులే. మా ఆయన వాటిని ఇనుప స్టాండుకి వరసగా బిగించి, పొద్దస్తమానం లెక్కలు చేయించి క్రిప్టో నాణేలు సంపాదించేవారు. ఆ పనినే మైనింగ్ అంటారు. ఆయన నమ్ముకున్న పెద్ద నాణెం ఉన్నట్టుండి ఈ పద్ధతికి స్వస్తి చెప్పింది. ఆయనకి మనసు విరిగి, కార్డుల మీద దుప్పటి కప్పేసి, గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగానికి వెళ్ళిపోయారు. దుప్పటి తీసింది నేను. ఎం.సి.ఏ. చదివింది పప్పు రుబ్బడానికి కాదు కదా! పెద్దది పోతే చిన్నవి లేవా? ఎవరూ పేరు కూడా వినని నాణేలు బోలెడున్నాయి. డాబా మీద సోలార్ పలకలున్నాయి, పల్నాడు ఎండకి కొదవే లేదు. ఎండ ఉన్నంతసేపే నడుపుతాను.

చిన్న నాణేలతో తంటా ఏమిటంటే ఒక్కోదాని లెక్క ఒక్కో తీరు. ఒకదానికి బాగా నడిచే ప్రోగ్రాం రెండోదానికి పనికిరాదు, ఒక కంపెనీ కార్డుకి సరిపడింది ఇంకో కంపెనీ కార్డుకి సరిపడదు. పైగా యాంటీవైరస్‌కి ప్రతి మైనింగ్ ప్రోగ్రామూ దొంగే, అది మంచిదైనా సరే. అందుకని అందరూ యాంటీవైరస్ ఆపేసి నడుపుతారు. అంటే వీధి తలుపు బార్లా తీసిపెట్టి, వచ్చేవాడు పెద్దమనిషే అయ్యుంటాడని కూర్చోవడం. ప్రోగ్రాం రాసినవాడు తన కూలి కింద మన పనిలో కొంచెం తీసుకుంటాడు, మిర్చి బస్తాలోంచి మచ్చు తీసినట్టు. ఎంత తీస్తాడో ముందే చెబితే నాకేమీ పేచీ లేదు.

మామయ్యగారు కొత్త కంది విత్తనం తెస్తే నేరుగా పొలానికి పట్టుకెళ్ళరు. గుప్పెడు గింజలు తడిగుడ్డలో మూటకట్టి, మొలక చూశాకే నమ్ముతారు. నేనూ అంతే. కొత్త ప్రోగ్రాం ఏదైనా ముందు పాత కంప్యూటర్లో, ఒక్క కార్డు మీదే పెడతాను. తెర మీద అది చూపించే స్పీడుని లెక్కచేయను, తెర ఎన్ని కోతలైనా కోస్తుంది. మాలాంటి చిన్నవాళ్ళందరి పనీ కలిపి పంచే పూల్ సైటు ఒకటుంటుంది. అక్కడ నా వాలెట్, అంటే నాణేలు జమయ్యే నా ఖాతా, పేరు మీద ఎంత పడిందో అదే చూస్తాను. అలా చూసి చూసి ఒకదాన్ని ఎంచుకున్నాను. స్పీడు కాస్త తక్కువే గానీ, దాని కోడ్ మొత్తం ఎవరైనా చదువుకునేలా బయటే ఉంది.

మా ఇంట్లో చూసి ఊళ్ళో రెండు వర్గాల్లోనూ కొందరు కార్డులు పెట్టుకున్నారు. మా వర్గం నాయకుడి మేనల్లుడు పెన్‌డ్రైవ్‌లో ఇంకో మైనింగ్ ప్రోగ్రాం పట్టుకుని వచ్చింది అప్పుడే.

"అక్కా, మనోళ్ళందరూ ఇదే ఏసుకున్నారు. రొంపిచర్ల మనోళ్ళు కూడా ఇదే. నువ్వు వాడేది అవతలోళ్ళు వాడేదంట గదా?"

"ప్రోగ్రాముకి ఓటు లేదు తమ్ముడూ," అన్నాను.

అతను నవ్వలేదు. అరుగు మీద మామయ్యగారు కూడా నవ్వలేదు. ఈసారి సర్పంచిగా ఆయన్ని నిలబెడతానని నాయకుడు మాటిచ్చి ఉన్నాడు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవన్నది పేరుకే. నాయకుడు వేలు చూపించినవాడే మా వర్గం అభ్యర్థి. ఒక్కసారి సర్పంచి అనిపించుకోవాలని మామయ్యగారికి వయసులో ఉన్నప్పటి నుంచీ కోరిక. "పెట్టి చూడమ్మాయ్, పోయేదేముంది," అన్నారు.

పెట్టి చూశాను, నా పద్ధతిలోనే. మధ్యాహ్నం భోజనాలయ్యాక పాత కంప్యూటర్ ముందు కూర్చుని, మిరపకాయలకి తొడిమలు తీస్తూ తెర వంక చూస్తున్నాను. స్పీడు అదిరిపోయింది. కాసేపటికి తెర మీద నా వాలెట్ నంబరు మారిపోయి వేరే నంబరు వచ్చింది. కొంచెంసేపుండి మళ్ళీ నాది వచ్చింది. కళ్ళు మండుతున్నాయి కదా, మిరపఘాటుకి తప్పు చూశానేమో అనుకున్నాను. సాయంత్రం దాకా కదలకుండా చూశాను. మళ్ళీ మళ్ళీ అదే జరిగింది. ఆ రెండో నంబరు నేను ఎరిగిందే. తనకెంత పడిందో గొప్పగా చూపించుకోవడానికి మేనల్లుడే దాన్ని మా వర్గం వాట్సాప్ గ్రూపులో ఫొటో తీసి పెట్టాడు. ఎవరో రాసిన ప్రోగ్రాముకి తన జేబు కుట్టుకుని ఊరంతా పంచాడన్నమాట.

నా నంబరున్నప్పుడొకటి, అతని నంబరు వచ్చినప్పుడొకటి తెరని ఫొటో తీసి అదే గ్రూపులో పెట్టాను. అందరూ మండిపడతారనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని! మొదటి జవాబు మా వీధి బాబాయిది. "అయితే ఏందంటమ్మా? మనోడేగా తినేది." దాని కింద వరసగా దణ్ణాలు, బొటనవేళ్ళు. తమ ఇంటి కరెంటుతో, తమ కార్డులతో ఇంకొకడి జేబు నింపుతున్నామని తెలిసి కూడా ఒక్కరు ఆ ప్రోగ్రాం తీయలేదు. తీస్తే తమని కూడా అవతలి వర్గం కింద జమకడతారని భయం. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు తిరక్కుండానే మేం పార్టీ మారుతున్నామని ఊళ్ళో పుకారు. "వాళ్ళింట్లో అవతలోళ్ళ సాఫ్ట్‌వేర్ నడుస్తందంట!" అని పాలు పోయడానికి వచ్చినావిడ నన్నే అడిగింది.

మేనల్లుడు మళ్ళీ వచ్చాడు, ఈసారి ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని. వాళ్ళు నాతో మాట్లాడలేదు, మామయ్యగారితోనే మాట్లాడారు. గ్రూపులో పెట్టింది నేను తీసేయాలట, తెలియక పెట్టానని రాయాలట. ఎలక్షన్ అయ్యేదాకా చూపుకైనా వాళ్ళ ప్రోగ్రామే పెట్టుకోవాలట. మామయ్యగారు తల వంచుకుని కూర్చున్నారు. ఆయన్ని అలా చూసి నా గుండె తరుక్కుపోయింది. అయినా నోరు ఊరుకోలేదు.

"తెలియక పెట్టలేదు, చూసే పెట్టాను. తీయను. నా మిషన్ల మీద ఏం నడవాలో నేనే చూసుకుంటాను," అన్నాను.

"ఏంది మామా, ఆడమనిషి ఇట్టా మాట్టాడతంటే కూకున్నావు?" అన్నాడు మేనల్లుడు. "సర్పంచికి నీ పేరు సంగతి ఇంక మా మావయ్య ఇష్టం."

వాళ్ళు వెళ్ళాక మామయ్యగారు మేడెక్కి వచ్చారు. ఇన్నాళ్ళలో ఆయన ఆ గదిలోకి రావడం అదే మొదటిసారి. తిడతారనుకుని నేనూ జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆయన కుర్చీ లాక్కుని, "చూపించు," అన్నారు. పాత కంప్యూటర్లో మేనల్లుడి ప్రోగ్రాం మళ్ళీ నడిపి, ఏది నా నంబరో, ఏది వాళ్ళదో చెప్పాను. కార్డుల వేడికి చెమట కారుతున్నా కదల్లేదు. నంబరు మారింది. ఆయన వేలు తెర మీద పెట్టి, "ఇదేనా?" అన్నారు. మళ్ళీ నా నంబరు వచ్చేదాకా ఆ వేలు తీయలేదు.

అప్పుడు అడిగారు. "ఇన్నేళ్ళూ ఆయన మీటింగులకి నేను ట్రాక్టర్లు తోలానే అమ్మాయ్, డీజిల్ నాది, జనం కూడు నాది. అయ్యన్నీ ఎవురి నంబరు మీద పడ్డాయో చూపించే మిషన్ ఏదన్నా ఉందా?"

అంతసేపూ ఉన్న కోపమంతా ఏడుపై వచ్చింది.

మర్నాడు పొద్దున్నే నాయకుడే స్వయంగా ఫోన్ చేశాడు. మామయ్యగారికి చెవి సరిగ్గా వినపడదు, స్పీకర్ పెట్టుకునే మాట్లాడతారు. ఇంట్లో అందరం విన్నాం. నరసరావుపేటలో మీటింగ్ ఉంది, ట్రాక్టర్లు పంపు, పిల్లదేదో తెలియక చేసింది, నీ పేరు సంగతి నేను చూసుకుంటానన్నాడు. ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు. మామయ్యగారు అంతా విని, "డీజిల్ ఎవురు పోత్తారు?" అని అడిగారు.

"అదేంది, ఎప్పుడూ నువ్వేగా పోసేది," అన్నాడు నాయకుడు.

"పోసినోళ్ళకే వస్తయ్ ట్రాక్టర్లు," అని ఫోన్ పెట్టేశారు.

సర్పంచి ఆశ ఆ మాటతోనే పోయింది. పోతే పోనీ అన్నారు ఆయన, నేను అనకముందే.